సంజీవరావుగారి శీలావతి

1988 జూన్ 13, సోమవారం

ఇవాళ తెనాలిలో జరిగింది జరిగినట్టు రాసి పెట్టుకోవాలి. నేను నవ్వలేదు. ఈ సంగతి ఎవరూ అడగకపోయినా ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి.

మార్కెట్ పక్కన మా తూర్పు కాలువ చేపల పెంపకందార్ల సంఘం కొత్తగా మూడు దుకాణాలు తెరిచింది. అధ్యక్షులు సంజీవరావుగారు రేపల్లె నుంచి భార్యతో సహా కారులో వచ్చారు. షామియానా, మైకు, పూలదండలు. కత్తెర పెట్టిన పళ్ళెం పట్టుకుని నిలబడే బాధ్యత నాది. తొమ్మిదేళ్ళుగా టెంపరరీ గుమాస్తాను. పళ్ళేలు పట్టుకోవడంలో నన్ను మించినవాడు సంఘంలో లేడు. అమ్మగారు రిబ్బను కత్తిరించారు. అందరూ చప్పట్లు కొట్టారు.

సరిగ్గా ఆ చప్పట్లు ఆగినప్పుడు మూడో నంబరు దుకాణం పుల్లమ్మ గొంతెత్తింది. మైకు ఆమె పక్కనే ఉంది.

"రండయ్యా రండి! సంజీవరావుగారి శీలావతి! మొప్పలెత్తి చూసుకోండి, ఎంత ఎర్రగా ఉందో! తల కావాలా, తోక కావాలా, నడుం ముక్క కావాలా?"

పుల్లమ్మ కొత్తగా అన్నదేమీ లేదు. నగరం అనే ఊరి దగ్గర ఆయన చెరువుల్లో పెంచేది శీలావతి చేపే. తెనాలి నుంచి బాపట్ల దాకా దాన్ని అందరూ 'సంజీవరావుగారి శీలావతి' అనే అంటారు. ఇన్నేళ్ళూ ఎవరికీ ఏమీ తోచలేదు. ఎందుకంటే ఇన్నేళ్ళూ ఆ చేపా, ఆయన భార్యా ఒకే షామియానా కిందికి రాలేదు. అమ్మగారి పేరు కూడా శీలావతే.

జనం ఒక్కసారిగా నవ్వారు. అందరికంటే ఎక్కువ నవ్వింది అమ్మగారు. కొంగుతో కళ్ళు కూడా తుడుచుకున్నారు. సంజీవరావుగారి చెవులు మాత్రం పుల్లమ్మ చూపించిన మొప్పల రంగుకు తిరిగాయి. నేను పళ్ళెంలోకి చూస్తూ నిలబడ్డాను.

జూన్ 14

అధ్యక్షులవారు ఆఫీసుకు రాలేదు. ఒంట్లో బాగాలేదట.

జూన్ 16

వచ్చారు. వస్తూనే నన్ను లోపలికి పిలిచారు.

"వరప్రసాదం, నువ్వు తెలుగు చదువుకున్నావు కదూ?"

"భాషాప్రవీణ ఒక్క పేపరు మిగిలిందండి." ఆ పేపరు పదమూడేళ్ళుగా మిగిలే ఉందని అడిగితే చెప్పేవాణ్ణి. అడగలేదు.

"శీలావతి అంటే ఏంటి?"

ఇలాంటి ప్రశ్నకు ఎటునుంచి జవాబు చెప్పాలో తెలుసుకోవడమే గుమాస్తా విద్య. "శీలం అంటే నడత అండి. మంచి నడత గల ఇల్లాలు అని అర్థం. మహా పవిత్రమైన మాటండి" అన్నాను. చేప సంగతి ఎత్తలేదు.

"మరి అలాంటి మాట పెట్టి బజార్లో చేపనమ్ముతారా? పొలుసు గీకి, పొట్ట కోసి, పేగులు తీసి..." ఆయన నిజంగానే బాధపడుతున్నారు. నాకూ బాధ వేసింది. నా భార్య పేరు సుగుణమ్మ. దేవుడి దయవల్ల సుగుణ అనే చేప లేదు.

"ఆ పేరు మార్చాలి. నువ్వే ఒక మంచి పేరు ఆలోచించు. పని చక్కగా అయితే నీ పర్మనెంటు సంగతి కూడా చూద్దాం" అన్నారు.

తొమ్మిదేళ్ళలో ఆయన నోట ఆ మాట రావడం ఇదే మొదటిసారి. చదువు ఊరికే పోదు.

జూన్ 20

కార్యవర్గ సమావేశం. నాలుగు పేర్లు రాసుకుని వెళ్ళాను. 'రోహు' అన్నాను. ఉత్తరాదివాళ్ళు ఈ చేపనే అలా అంటారు. వాళ్ళ పేరు మనకెందుకన్నారు. 'మీనరాణి' అన్నాను. తన మేనకోడలి పేరు రాణి అని ఒక సభ్యుడు అభ్యంతరం చెప్పాడు. 'జలలక్ష్మి' అన్నాను. దేవత పేరు పెట్టి చేపను కోస్తామా అని ఆ పేరు పలకడానికి కూడా ఎవరూ ఒప్పుకోలేదు. చివరికి నాలుగోది చదివాను. "సంజీవని. ప్రాణం పోసేది అని అర్థమండి. అధ్యక్షులవారి పేరు కూడా కలిసొస్తుంది."

ఆయన ఆ పేరును రెండుసార్లు తమలోనే పలికి చూసుకున్నారు. తర్వాత, "నా పేరు కలిసిందని కాదు, అర్థం బాగుంది" అన్నారు. అందరూ అర్థం బాగుందన్నారు.

అప్పుడు ఉపాధ్యక్షులు వెంకటప్పయ్యగారు లేచారు. ఆయన చెరువుల్లో పెంచేది బొచ్చె చేప. "బొచ్చె అంటే అడుక్కునే గిన్నె అని కూడా అంటారు కదా. ఊళ్ళో నన్ను బొచ్చె వెంకటప్పయ్య అంటన్నారు. మా వియ్యంకుడి ముందు కూడా అన్నారు. దాని సంగతి కూడా చూడండి" అన్నారు.

"అది మీ సొంత విషయం. ఇది స్త్రీల గౌరవానికి సంబంధించింది" అన్నారు అధ్యక్షులు.

మినిట్సులో 'సుదీర్ఘ చర్చ జరిగినది' అని రాశాను.

జూన్ 24

సర్క్యులర్ నంబరు 7 దుకాణాలకు వెళ్ళింది. శీలావతి అన్న మాట బోర్డుల మీద రాయరాదు, బిల్లుల్లో వాడరాదు, దుకాణదారులు కేకవేయరాదు. కేకవేయడం గురించిన వాక్యం నాదే. అధ్యక్షులు బాగుందన్నారు.

జూలై 2, శనివారం

నేను ఉండేది తెనాలిలోనే కాబట్టి అక్కడి దుకాణాల్లో సర్క్యులర్ అమలవుతోందో లేదో చూసి రమ్మన్నారు. ఇలాంటి పని టెంపరరీ వాళ్ళకు అప్పగించరని సుగుణతో అన్నాను. "అయితే జీతం పెరిగిందా?" అంది. ఆడవాళ్ళతో ఇదే చిక్కు.

మూడో నంబరు ముందు కాసేపు నిలబడ్డాను. పుల్లమ్మ నన్ను చూసి కత్తిపీట పక్కకు జరిపింది.

"రా బాబూ. ఈ సంజీవని అంటే మందనుకుంటన్నారు జనం. ఒక పెద్దాయన మోకాళ్ళ నొప్పికని పట్టుకుపోయాడు. వండుకోవాలా, రుద్దుకోవాలా అని అడిగాడు. ఏం చెప్పను?"

"వండుకోమను."

"ఇంకోడు సంజీవని అనలేక, సంజీవి కుళ్ళింది, వాసనొస్తోంది అని కేకలేశాడు. ఆ పేరు మీ అయ్యగారిది కాదూ? నాకే సిగ్గేసింది."

ఇంతలో ఒకావిడ వచ్చి, "సంజీవని ఏంటి పుల్లమ్మా, శీలావతి లేదా?" అంది.

"ఇది శీలావతేనమ్మా. పెళ్ళయింది కదా, పేరు మార్చారు!"

చుట్టుపక్కల దుకాణాల వాళ్ళంతా పగలబడి నవ్వారు. ఐసు బండి దగ్గర కరీముల్లా ఐసు గడ్డ మీదే కూలబడి నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది. దగ్గు వచ్చినట్టు నోటికి రుమాలు అడ్డం పెట్టుకున్నాను.

జూలై 4

నివేదిక ఇచ్చాను. పుల్లమ్మ పేరు రాయలేదు. 'మూడో నంబరు దుకాణంలో నిషేధించిన పదం వాడుక కొనసాగుతున్నది, పరిహాసాలు కూడా జరుగుచున్నవి' అని మాత్రమే రాశాను. దుకాణానికి నంబరు ఉంటుంది కానీ ముఖం ఉండదు కదా. ఎవరికీ హాని జరగకుండా నిజం రాయడం ఎంత కష్టమో రాసేవాడికే తెలుస్తుంది.

జూలై 9

మూడో నంబరు దుకాణం మూసేశారు. పుల్లమ్మ సామాను బయట పెట్టించి తాళం వేశారు. ఆమె మార్కెట్ గేటు పక్కన నేల మీద గోనెపట్టా పరుచుకుని గంప పెట్టుకుంది. నేను వేరే దారిన వచ్చాను. అటు కొంచెం దగ్గర కూడా.

జూలై 10, ఆదివారం

గుళ్ళో పాస్టరుగారు అబద్ధ సాక్ష్యం గురించి ప్రసంగించారు. నేను రాసింది నిజమే కాబట్టి ఆ వాక్యం నాకు వర్తించదు. పైగా పేర్లు మార్చడం దేవుడు కూడా చేశాడు. అబ్రామును అబ్రహాము అనలేదా, సీమోనును పేతురు అనలేదా? కాకపోతే వాళ్ళ దుకాణాలు మూయించలేదు.

జూలై 23

పుల్లమ్మ గేటు దగ్గరే ఉంది. పట్టా మీద గొడుగు కట్టుకుంది. వాన.

ఆగస్టు 18, గురువారం

ఇవాళ ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. అయినా వరసగా రాస్తాను.

మూడు రోజులుగా ముసురు. ఎండ లేకపోతే చెరువు నీళ్ళలో చేపలకు ఊపిరి ఆడదు. నగరం దగ్గర అధ్యక్షులవారి చెరువుల్లో తెల్లారేసరికి చేపలు చచ్చి తేలాయి. కాపలాదారు యోబు బాపట్ల బ్రాంచికి ఫోను చేశాడు. పాపం, యోబు సర్క్యులర్ చదివినవాడు. శీలావతి అనకూడదని బాగా గుర్తు పెట్టుకున్నాడు. గాలివానలో లైను సరిగా లేదు. గట్టిగా అరిచాడట: "సంజీవి పోయిందండీ! చెరువులో తేలిందండీ! నిన్న సాయంత్రం దాకా బాగానే ఉంది!"

బాపట్ల వాళ్ళకు ఎలా వినిపించాలో అలాగే వినిపించింది.

పది గంటలకు బాపట్ల నుంచి రేపల్లె ఆఫీసుకు ఫోను. "అధ్యక్షులు చెరువులో పడి పోయారట. బ్రాంచి మూసేశాం. దండ తెప్పించాం. ఫొటో ఏది పెట్టమంటారు?" నేను ఫోను పెట్టేసి చెప్పుల్లేకుండా ఆయన ఇంటికి పరిగెత్తాను.

అమ్మగారు వరండాలో బియ్యం ఏరుతున్నారు. ఎలా చెప్పానో గుర్తులేదు. చెబుతూ ఏడ్చాను. ఆవిడ చేట పక్కన పెట్టి, నా ముఖంలోకి చూసి, "ఎక్కడన్నారు?" అని అడిగారు.

"చెరువులోనండి."

"మా ఆయన చెరువు గట్టెక్కి ఆరేళ్ళయింది వరప్రసాదంగారూ. పైగా నిన్నే హైదరాబాదు వెళ్ళారు. పొద్దున టిఫిన్ తిని ఫోను చేశారు, ఇడ్లీ బాగాలేదని." ఒక్క క్షణం ఆలోచించారు. "పోయింది అన్నారా, పోయారు అన్నారా?"

"బాపట్ల వాళ్ళు పోయారనే అన్నారండి."

"పోయింది చేపలు. ముసురు కదా" అని గబగబా లేచారు. "ఇంజన్లు పెట్టించి కాలువ నీళ్ళు తోడించమనండి. నీళ్ళు పైనుంచి పడాలి, నురగ రావాలి. మేత ఆపమనండి. బతికినవాటిని దక్కించుకోవాలి. నడవండి, నేనూ వస్తన్నా."

ఆవిడ చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని సాయంత్రం దాకా గట్టు మీదే ఉన్నారు. యోబుకు ఇంజను ఎక్కడ పెట్టాలో వేలు పెట్టి చూపించారు. సగం చేప దక్కింది.

బాపట్ల వాళ్ళకు ఫోను చేసి అసలు సంగతి చెప్పడం నేను మరిచిపోయాను. మధ్యాహ్నం అక్కడ సంతాప సభ జరిగింది. వెంకటప్పయ్యగారు జీపులో వెళ్ళి మరీ మాట్లాడారట. ఆయన లేని లోటు తీర్చలేనిదనీ, అయినా ఆ బరువు తన భుజాన వేసుకుంటాననీ.

ఆగస్టు 20

అధ్యక్షులవారు వచ్చారు. నిన్నంతా బాపట్ల లైను పనిచేయలేదు. బాపట్ల స్టేషన్లో దిగి బ్రాంచిలోకి అడుగుపెడితే ఎదురుగా దండ వేసిన ఆయన ఫొటో. ముందు అగరొత్తులు. పక్కనే వెంకటప్పయ్యగారు కాఫీ తాగుతున్నారట.

ఆగస్టు 22

ఆఫీసు తలుపులు వేయించి నన్ను తిట్టారు. నేను సంజీవని అన్నానే కానీ సంజీవి అనలేదని చెప్పబోయాను. వినలేదు.

"రోహు! నువ్వు మొదట చెప్పింది అదేగా, ఎందుకు గట్టిగా చెప్పలేదు? ఇకనుంచి రోహు. ఉత్తరాదిదైతే మరీ మంచిది, ఇక్కడ ఆ పేరు ఎవడికీ ఉండదు. సంఘం పుస్తకాలన్నీ తియ్యి. శీలావతి అన్న మాట గానీ సంజీవని అన్న మాట గానీ ఎక్కడ కనిపించినా కొట్టేసి రోహు అని రాయి."

"అన్నిట్లోనూనా అండి?"

"తెలుగే కదా మాట్లాడుతున్నాను? అన్నిట్లోనూ! ఆలోచించకు. నువ్వు ఆలోచించినందుకే నాకు దండ పడింది. గుడ్డిగా కొట్టేసి తీసుకురా, పేజీ పేజీకీ సంతకం పెడతాను."

ఆగస్టు 24

అమ్మగారు కబురు పెడితే వెళ్ళాను. కాఫీ ఇచ్చారు. కుర్చీలో కూర్చోమన్నారు. ఆ ఇంట్లో నేను కుర్చీలో కూర్చోవడం ఇదే మొదలు.

"ఇప్పుడు రోహు అంట కదా?"

"అవునండి."

"నా పేరుకు అవమానం జరిగిందని ఈ గొడవంతా. నన్నెవరూ అడగలేదు. మా ఊరు కొల్లూరు పక్క లంక, చుట్టూ కృష్ణే. మా నాన్న అరటితోటలు వేసేవాడు, మిగతా వేళల్లో కృష్ణలో వల వేసేవాడు. నేను పుట్టిన పొద్దున వలలో ఇంత పొడుగు శీలావతి పడిందంట. పిల్ల అదృష్టం తెచ్చిందని ఆ పేరే పెట్టాడు. మా నాన్నకు పతివ్రతలు తెలీదండీ, చేపలు తెలుసు. నా పేరు చేపకు పెట్టలేదు. చేప పేరే నాకు పెట్టారు."

నేను కాఫీ గ్లాసులోకి చూశాను.

"ఈయనకు ఎన్నిసార్లు చెప్పానో. అలా నలుగురిలో అనకు, పరువు పోద్ది అంటారు. చిన్నప్పుడు లంకలో అందరూ నన్ను చేపపిల్లా అని పిలిచేవారు. ఆరోజు తెనాలిలో ఆ పుల్లమ్మ కేక వింటే మా ఊరు వెళ్ళొచ్చినట్టుంది." నా చేతిలో గ్లాసు అందుకుని, "ఆమె దుకాణం తెరిపించమని అడిగాను. నీకేం తెలుసు, ఊరుకో అన్నారు. అసలు ఆమె మీద ఎవరు రాశారండీ?" అన్నారు.

"సంఘానికి నివేదిక వచ్చిందండి" అన్నాను.

అది కూడా నిజమే.

ఆగస్టు 25

పెందలాడే పడుకున్నాను. నిద్ర పట్టలేదు.

ఆగస్టు 26, శుక్రవారం

ఇవాళ స్టాకు పుస్తకాలు, బిల్లు పుస్తకాలు, మినిట్సు, సభ్యుల పుస్తకం అన్నీ దిద్దాను. మొత్తం మూడు వందల పన్నెండు చోట్ల. స్కేలు పెట్టి ఎర్ర సిరాతో కొట్టేసి పైన రోహు అని రాశాను. సభ్యుల పుస్తకంలో నలభై ఒకటో పేరు విషయం నేను గమనించలేదు. ఇది స్పష్టంగా రాస్తున్నాను. ఆ వేళకు వెలుతురు తగ్గింది. కళ్ళజోడు తుడుచుకునే గుడ్డ ఇంట్లో మరిచిపోవడం కూడా ఒక కారణం. పైగా స్కేలు ఆ వరస మీదే ఉంది. నేను గమనించలేదు. రెండుసార్లు చదివినా గమనించలేదు.

చెరువులన్నీ అమ్మగారి పేరు మీదే ఉన్నాయి. పెళ్ళప్పుడు ఆవిడ నాన్న పసుపుకుంకాల కింద ఇచ్చిన పొలాలవి. కాబట్టి సంఘంలో సభ్యురాలు ఆవిడే. ఏటా ఎన్నికలప్పుడు తన తరఫున భర్త పోటీ చేస్తారని ఆవిడ ఒక కాగితం మీద సంతకం పెడతారు. ఆ కాగితం టైపు చేసేది నేనే. ఇదంతా నాకు తెలుసు. తెలిసినంత మాత్రాన ఎర్ర సిరా పట్టుకున్నప్పుడు గుర్తుండాలని లేదు.

అధ్యక్షులవారు పేజీ పేజీకీ సంతకం పెట్టారు. ఒక్కటీ చదవలేదు. "ఇలా పని చేస్తే పైకొస్తావు" అన్నారు.

ఆగస్టు 31

సభ్యుల పుస్తకం చూసి ఓటర్ల జాబితా టైపు చేశాను. పుస్తకంలో ఎలా ఉంటే అలాగే టైపు చేయాలని నిబంధన.

సెప్టెంబరు 12, సోమవారం

సంఘం ఎన్నికలు. బాపట్ల నుంచి ఎన్నికల అధికారి వచ్చారు. బక్కపలచని మనిషి, నవ్వు ఎరగని మనిషి. మూడు గంటలకు నామినేషన్ల గడువు ముగుస్తుందని గోడ గడియారం చూపించి మరీ చెప్పారు. రెండున్నరకు మా అధ్యక్షులు దర్జాగా నామినేషను ఇచ్చారు.

అధికారి జాబితా తిరగేసి, "మీరు ఏ సభ్యుడి తరఫున?" అన్నారు.

"నలభై ఒకటి. మా ఆవిడ."

ఆయన ఆ వరస మీద వేలు పెట్టి గట్టిగా చదివారు. "నలభై ఒకటో సభ్యురాలు. శ్రీమతి రోహు."

 వెనక బల్లల నుంచి మొదలై నవ్వు ముందుకొచ్చింది. వెంకటప్పయ్యగారు బల్ల గుద్దుతూ నవ్వారు. అధికారి మాత్రం నవ్వలేదు.

"అది గుమాస్తా పొరపాటు" అన్నారు సంజీవరావుగారు. నా వైపు చూశారు. ఆ చూపు గురించి రాయను.

"కొట్టివేత పక్కన సంతకం మీదేనా?"

"నాదే, కానీ..."

"సర్క్యులర్ కూడా మీదే. అయితే ఇది పొరపాటు కాదు, నిర్ణయం. అమ్మా, మీరు శ్రీమతి రోహుగారేనా?"

అమ్మగారు ముందు వరసలోంచి లేచారు. "కాదండి. నా పేరు శీలావతి."

"ఈ పుస్తకంలో శీలావతి అనే సభ్యురాలు లేరమ్మా."

"ఉండేదండి. ఆ మాట ఎక్కడా ఉండకూడదన్నారు."

సంజీవరావుగారు ఆవిడ పక్కకు వచ్చి గొంతు తగ్గించారు. హాలు ఎంత నిశ్శబ్దంగా ఉందంటే తగ్గించిన గొంతు కూడా అందరికీ వినిపించింది. "నువ్వేనని చెప్పు. ఒక్క మాట. టైమైపోతోంది."

"నేనే రోహునని చెప్పమంటారా? నలుగురిలో?"

"ఏదో ఒకటి చెప్పవే!"

"పరువు పోదా?"

గడియారం రెండూ నలభై. అధికారి గొంతు సవరించుకుని, సర్క్యులర్ రద్దు చేసి, పుస్తకంలో సభ్యురాలి పేరును అధ్యక్షులే తమ చేత్తో సరిదిద్ది, ఆవిడ ఒప్పుకుని సంతకం పెడితే చెల్లుతుందన్నారు.

"నేను సంతకం పెడతానండి" అన్నారు అమ్మగారు, అధికారితో కాదు, భర్తతో. "ఆ సర్క్యులర్ కాగితం మీద రద్దు అని రాయండి. ఆ కింద తెనాలి మూడో నంబరు దుకాణం తాళం తియ్యమని కూడా రాయండి. నేను చూసి పెడతాను."

"ఇంటికెళ్ళాక మాట్లాడుకుందాం."

"మూడు దాటాక ఇంట్లో ఎంతసేపైనా మాట్లాడుకుందాం."

వెంకటప్పయ్యగారు జేబులోంచి తన నామినేషను తీసి మడతలు సరిచేసుకోవడం మొదలుపెట్టారు. దాన్ని చూశాకే సంజీవరావుగారు కలం తీశారు. సర్క్యులర్ మీద రద్దు అని రాశారు. దుకాణం సంగతి రాశారు. తర్వాత సభ్యుల పుస్తకం ముందుకు లాక్కుని, రోహు కొట్టేసి, పైన ఒక్కొక్క అక్షరమే పేర్చుకుంటూ రాశారు. 'శీ' గుడిదీర్ఘం మరీ పెద్దదైంది.

"గట్టిగా చదవండి" అన్నారు అధికారి. అది నిబంధనో కాదో నాకు తెలియదు.

"శీలావతి" అన్నారు సంజీవరావుగారు.

వెనక నుంచి ఎవరో, "తాజాయేనా?" అన్నారు. ఈసారి అధికారి పెదవి కూడా కొంచెం కదిలింది. అమ్మగారు నవ్వలేదు. వంగి సంతకం పెట్టి, కలం మూత బిగించి భర్త జేబులో పెట్టి, వెళ్ళి మళ్ళీ తన చోట కూర్చున్నారు.

వెంకటప్పయ్యగారి మీద నాలుగు ఓట్ల తేడాతో సంజీవరావుగారే గెలిచారు. గెలవకుండా ఎలా ఉంటారు? కానీ దండ వేయబోతే చెయ్యి అడ్డం పెట్టారు. ఈమధ్య ఆయనకు దండలంటే పడటం లేదు.

సెప్టెంబరు 13

నాకు బదిలీ. రేపల్లె ఆఫీసు నుంచి తెనాలి దుకాణాలకు, తూకం గుమాస్తాగా. పర్మనెంటు ఊసు లేదు. సుగుణతో ఫీల్డు డ్యూటీ అని చెప్పాను. "చేపలు తూచడమా?" అంది. ఇంటికి దగ్గర కదా అన్నాను.

ఆర్డరు ఇస్తూ అధ్యక్షులు ఒక్క ప్రశ్న అడిగారు. "కావాలని చేశావా?"

"గమనించలేదండి" అన్నాను.

ఆయన నమ్మలేదు. నేను మాత్రం ఇంకా నమ్ముతూనే ఉన్నాను. దాదాపుగా.

సెప్టెంబరు 24, శనివారం

పది రోజులుగా మూడో నంబరు దుకాణంలో తూకం రాళ్ళు పెడుతున్నాను. పుల్లమ్మ చేపలు కోస్తుంది, కేకలేస్తుంది, నేను తూచి చీటీ రాస్తాను. చీటీలో శీలావతి అని రాస్తాను. మనిషి నాతో మామూలుగానే ఉంటుంది. అదే భరించలేకపోతున్నాను.

ఇవాళ బేరాలు తగ్గాక చెప్పేశాను. "పుల్లమ్మా, జూలైలో నీ మీద రాసింది నేనే."

ఆమె కత్తిపీట కడుగుతూ తల ఎత్తలేదు. "తెలుసు బాబూ. పేరు రాయలేదంట కదా, మూడో నంబరు అన్నావంట. మర్యాదస్తుడివి."

"తెలిసి కూడా ఏమీ అనలేదేం? ఆ తర్వాత కూడా వారం వారం గేటు దగ్గర నీ గంపలోనే కదా చేప కొన్నాను?"

నిజమే, కొన్నాను. ఆమె మీద జాలితో కొంటున్నాననుకున్నాను.

"అనడం దేనికి? ఆరోజు నుంచీ నీకు నిన్నటి చేపే ఇస్తన్నా."

 ఆమె తొట్టిలో చెయ్యి పెట్టి, ఇంకా తోక ఆడిస్తున్న ఒకదాన్ని పైకి తీసి, మొప్ప ఎత్తి చూపించింది. "ఇయ్యాళ మాత్రం ఇది పట్టుకెళ్ళు. ఇంక చాల్లే."

ఇంటికి తెచ్చాను. సుగుణ పులుసు పెట్టింది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయింది.

"ఏంటండీ, ఇంత రుచిగా ఉంది? ఇది ఏం చేప?"

"శీలావతి" అన్నాను.

"వారం వారం తెచ్చేదీ అదేగా!"

నేను తల వంచుకుని ముళ్ళు ఏరుకున్నాను.